లారీ కొని డ్రైవరును పెడితే మిగిలేదెంత?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను సైన్యంలో పదిహేడేళ్లు పనిచేసి గత ఏడాది పదవీ విరమణ పొందాను. మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట మండలం. చేతికి వచ్చిన సొమ్ములో ఎనిమిది లక్షలు పెట్టి, ముప్పై రెండు లక్షలు ఫైనాన్స్ తీసుకొని, బాడీతో కలిపి నలభై లక్షలయ్యే పది టైర్ల కొత్త లారీ కొనాలనుకుంటున్నాను. లారీ నడపడం నాకు రాదు. డ్రైవరును పెట్టి చెన్నై లైనులో తిప్పితే అన్ని ఖర్చులూ, కిస్తీ పోను నెలకు యాభై వేలు మిగులుతాయని షోరూమువారూ, మా బావమరిదికి తెలిసిన ఒక బ్రోకరూ చెబుతున్నారు. మా ఆవిడ మాత్రం వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు లారీ ధర రాశారు, అప్పు ఎంతో రాశారు, నెలకు మిగిలేదీ రాశారు. లోడు ఎవరు ఇస్తారో, చెన్నైలో సరుకు దించాక తిరుగు లోడు ఎవరు చూస్తారో మాత్రం రాయలేదు. సాలూరు, విజయనగరం, శ్రీకాకుళం లారీ యజమానుల పద్దులు ఇరవై ఏళ్లకు పైగా రాసినవాణ్ని కనుక ఎవరు వచ్చినా నేను ముందు అడిగేది ఆ సంగతే. దానికి జవాబు లేనప్పుడు మిగతా అంకెలన్నీ అమ్మేవారి అంకెలే.

ముందు కిస్తీ చూద్దాం. ముప్పై రెండు లక్షలకు 11 శాతం వడ్డీ, అరవై నెలల గడువు అనుకుంటే నెలకు సుమారు రూ.69,600 కట్టాలి. అయిదేళ్లలో కట్టేది దాదాపు 41.75 లక్షలు, అందులో వడ్డీయే 9.75 లక్షలు. లారీ తిరిగినా, షెడ్డులో ఉన్నా, డ్రైవరు సంక్రాంతికి ఇంటికి వెళ్లినా కిస్తీ తేదీ మారదు.

ఇక ఒక ట్రిప్పు వేసి చూద్దాం. ఇందులోని కిరాయిలు, ఖర్చులు నేను లెక్క కోసం అనుకున్నవి. మీరు ముగ్గురు నలుగురు యజమానులను విడివిడిగా అడిగి, వాళ్లు చెప్పిన రేట్లతో ఇదే లెక్క మళ్లీ వేసుకోండి. మీ దగ్గరి నుంచి చెన్నైకి తొమ్మిది వందల కిలోమీటర్ల పైచిలుకు. లోడింగు దగ్గర తిరుగుడుతో కలిపి రానూ పోనూ 1,850 అనుకుందాం. పది టైర్ల లారీకి సరుకుతో సహా మొత్తం బరువు పరిమితిని 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. బండి సొంత బరువు తీసేస్తే చట్టప్రకారం వేయగలిగేది సుమారు 18 టన్నులు. వెళ్లేటప్పుడు బియ్యం టన్నుకు మూడు వేల చొప్పున రూ.54,000, వచ్చేటప్పుడు టన్నుకు రూ.2,300 చొప్పున రూ.41,400, కలిపి రూ.95,400. బ్రోకరు కమిషను రూ.1,900 పోతే మిగిలేది రూ.93,500.

ఖర్చుల్లో డీజిలే పెద్దది. లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తే 462 లీటర్లు కావాలి, లీటరు రూ.97 వేసినా దాదాపు రూ.44,900. మడపాం, చిలకపాలెం, నాతవలస మొదలుకొని దారి పొడవునా ఫాస్టాగ్‌లో తెగేది రూ.13,000, పొగ శుద్ధికి పోసే యాడ్‌బ్లూ ద్రవం రూ.1,200, ఏడు రోజులకు డ్రైవరు, క్లీనరు బత్తా రూ.5,600, కాటా, ఎత్తుడు దింపుడు, గాలి, పంక్చరు వంటివి రూ.3,000. మొత్తం రూ.67,700. అంటే ట్రిప్పుకు మిగిలేది రూ.25,800. నెలలో ఒక్క రోజు కూడా వృథా కాకుండా నాలుగు ట్రిప్పులు పడితే రూ.1,03,200. డ్రైవరు జీతం పదిహేను వేలు, కిస్తీ పోగా చేతిలో ఉండేది రూ.18,600.

ఆ పద్దెనిమిది వేలు మిగులని చాలామంది పొరబడతారు. నెలకు 7,400 కిలోమీటర్లు తిరిగే బండికి టైర్ల అరుగుదల కిలోమీటరుకు రెండు రూపాయలు వేసినా రూ.14,800. సర్వీసు, గ్రీజు, ఆయిలుకు రూ.8,000. ఇన్సూరెన్సు, పర్మిటు, మూడు నెలలకోసారి కట్టే పన్ను కలిపి నెలకు రూ.10,000 పక్కన పెట్టాలి. ఈ తరగతి బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం ఏడాదికి రూ.43,950, నేషనల్ పర్మిటు రూ.16,500. టైర్లు, సర్వీసు, ఇన్సూరెన్సు-పన్నులు ఈ మూడు పద్దులూ కలిపితే నెలకు రూ.32,800. అంటే అన్నీ సవ్యంగా జరిగిన నెలలోనే మీరు జేబులోంచి పద్నాలుగు వేలు వేయాలి. తిరుగు లోడు దొరకక బండి ఖాళీగా వస్తే డీజిలు కొంత తగ్గినా ఆ ట్రిప్పు మొత్తానికి ఆరు వేలకు పైగా నష్టమే. దొరికేదాకా ఆగుదామంటే మూడు రోజులు హాల్టింగు పడుతుంది. ఆ నెలలో నాలుగో ట్రిప్పు ఉండదు.

మరి లారీలతో బతుకుతున్నవారు ఎలా బతుకుతున్నారని మీరు అడగవచ్చు. సాలూరు చూడండి. ఒకప్పటి విజయనగరం జిల్లాలోదీ, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోదీ అయిన ఆ పట్టణాన్ని లారీల ఊరనే అంటారు. రాయపూర్ వెళ్లే జాతీయ రహదారి మీద, కొరాపుట్ ఘాటీ (కొండదారి) మొదట్లో ఉండటం వల్ల అక్కడ లారీ ఒక కుటుంబ వృత్తిగా పెరిగింది. అక్కడ నిలదొక్కుకున్న యజమానుల పద్దులు చూస్తే మూడు సంగతులు కనిపిస్తాయి. లోడు ఇచ్చే పార్టీతో వాళ్లకు ఏళ్ల తరబడి సంబంధం ఉంటుంది. ఇంట్లో ఒకరికి బండి నడపడమో, మరమ్మతో తెలిసి ఉంటుంది. కిస్తీలు తీరిపోయిన బండి కనీసం ఒకటి ఉండి, కొత్త బండి కిస్తీని అది మోస్తుంది. ఈ మూడింటిలో ఏదీ లేకుండా, అప్పు మీద మొదటి బండి కొని, దాన్ని పూర్తిగా జీతగాడి చేతిలో పెట్టినవారిలో అయిదేళ్ల కిస్తీ సొంతంగా పూర్తి చేసినవారు నా పద్దుల్లో వేళ్ల మీద లెక్కించేటంత మందే.

ఈ లోటును ఓవర్‌లోడుతో పూడ్చుకోవచ్చని మీకు తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. పద్దెనిమిది టన్నుల చోట పాతిక వేస్తే కిరాయి పెరిగే మాట నిజమే. కానీ 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు జరిమానా రూ.20,000, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ రూ.2,000, అదనపు సరుకు దింపించే ఖర్చు కూడా మీదే. కమాన్లు విరగడం, టైర్లు పేలడం, బ్రేకు అందకపోవడం వేరే లెక్క. బరువెక్కిన బండిని ఘాటీలో దించేది మీరు కాదు, మీ డ్రైవరు. అతని ప్రాణం మీద కిరాయి పెంచుకోవద్దని ఖచ్చితంగా చెబుతున్నాను.

డ్రైవరు విషయం కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే మీ నలభై లక్షలు రాత్రీ పగలూ ఉండేది అతని చేతుల్లోనే. ట్రాన్స్‌పోర్టు వాహనాలు నడిపే లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్ కావాలి. కాగితం చూసి ఊరుకోకుండా పరివాహన్ సారథి సైటులో నంబరు కొట్టి, హెవీ వాహనానికి చెల్లుతుందా, గడువు ఉందా అని మీరే చూసి, ఆ పేజీ ప్రింటు తీసి ఉంచుకోండి. చెల్లని లైసెన్సుతో నడిపిన బండి ప్రమాదం చేస్తే ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు చెల్లించి, ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకునే అవకాశం ఉంది. మీరు ముందే పరిశీలించారని చూపే ఆ ప్రింటు అప్పుడు అక్కరకొస్తుంది. పాత యజమానితో మాట్లాడండి. కంటి పరీక్ష మీ ఖర్చుతో చేయించండి. కొందరు యజమానులు డ్రైవరు అసలు లైసెన్సు తమ బీరువాలో పెట్టుకుంటారు. అది తప్పు, అవమానం కూడా.

జీతం మూడు రకాలుగా ఇస్తారు: నెల జీతంతో పాటు బత్తా, లేదా కిరాయిలో శాతం, లేదా ట్రిప్పు మొత్తానికి ఇంత అని గుత్త. గుత్త పద్ధతిలో డీజిలు, దారి ఖర్చులు అన్నీ డ్రైవరువే, మిగిలింది అతనిదే కనుక యజమానికి లెక్కల బెడద ఉండదు. కానీ ఆ పద్ధతిలో డ్రైవరు నిద్ర మానుకొని నడుపుతాడు, గ్రీజు పెట్టించడు, దారిలో మనుషులను ఎక్కించుకుంటాడు. సరుకు లారీలో కిరాయికి గానీ, ఊరికే గానీ ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత వహించదని సుప్రీంకోర్టు 2003లోనే తేల్చింది. సరుకు యజమాని లేదా అతని మనిషి తన సరుకుతో పాటు వస్తే వేరు. జాతరకు వెళ్లే పదిమందిని టెక్కలి దగ్గర ఎక్కించుకున్న బండి బోల్తా పడితే ఆ నష్టపరిహారం మీ ఇల్లు అమ్మినా తీరదు. అందుకే నా సలహా నెల జీతం, బత్తా, వీటికి తోడు మొదటి మూడు నెలల సగటు మైలేజీ కంటే ఎక్కువ ఇస్తే మిగిలిన డీజిలు విలువలో సగం అతనికి. అలా చేస్తే డీజిలు కాపాడటం అతనికీ లాభమే అవుతుంది. ఇచ్ఛాపురం దాటి వెళ్లే ట్రిప్పుల్లో ఒడిశాలో డీజిలు లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ కనుక ఎక్కడ ట్యాంకు నింపాలో కూడా ముందే మాట్లాడుకోండి.

మొదటి రెండు ట్రిప్పులు మీరు క్యాబినులో కూర్చుని వెళ్లండి. నాకు తెలిసిన ఒక డ్రైవరు తెల్లవారుజామున బండి తీసే ముందు టైరు లీవరు పట్టుకొని చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునూ కొట్టి చెవి ఒగ్గి వింటాడు. గాలి తగ్గిన లోపలి టైరు చప్పుడు మొద్దుగా వస్తుంది. అతని జేబులో ఎప్పుడూ ఒక చిన్న డైరీ ఉంటుంది. అట్ట మీద డీజిలు మరకలు, లోపల పెన్సిలు రాతలో ‘కాటా 100, గాలి 60, పట్టా తాడు 180, తుని టీ 30, రీడింగు 2,14,306’ అని వరుసగా పద్దు. ఆ డైరీ చదివే యజమానికి తన బండి ఎక్కడ తిన్నదీ, ఎక్కడ పడుకున్నదీ తెలుస్తుంది. డీజిలు కొట్టించిన ప్రతిసారీ రీడింగు, లీటర్లు, బంకు పేరు రాయించండి. జీపీఎస్ పెట్టించండి, కానీ గంటకోసారి ఫోను చేసి ఎందుకాగావని అడగకండి. రాత్రి రెండింటికి ఆగి పడుకున్న డ్రైవరును లేపిన యజమాని తన బండిని తానే ప్రమాదంలోకి తోస్తున్నాడు. సిరిమానోత్సవానికో, సంక్రాంతికో ఇంటికి వెళ్తానంటే ముందే ఒప్పుకొని ఆ రోజుల్లోనే సర్వీసు పెట్టుకోండి.

ఇంకొకటి, కిరాయి మొత్తం చేతికి వెంటనే రాదు. సగానికి పైగా అడ్వాన్సు ఇచ్చి, దించినట్టు సంతకం చేసిన రసీదు చేరాకే బాకీ ఇస్తారు. అందుకు వారాలు పట్టడం మామూలే. ఒక ట్రిప్పు ఖర్చు, మూడు కిస్తీలు కలిపి కనీసం రెండున్నర, మూడు లక్షలు విడిగా లేనివారు బండి తీయకూడదు. పన్ను లెక్కకు వస్తే, పది లారీలకు మించని యజమానికి పన్నెండు టన్నులు దాటిన బండి మీద టన్నుకు నెలకు రూ.1,000 చొప్పున ఆదాయం ఉన్నట్టు చూపించే సౌకర్యం ఉంది. 28.5 టన్నుల బండికి ఏడాదికి రూ.3,42,000 అవుతుంది. దాన్ని మీ పింఛనుతో కలిపి చూపించాలి.

కనుక ఈ లారీ ఇప్పుడు కొనవద్దు. మీకు ఈ రంగం మీద నిజంగా మనసుంటే, ఎనిమిది లక్షల్లో కొంత పెట్టి మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే చిన్న గూడ్సు బండి తీసుకొని మీరే నడపడం నేర్చుకోండి. మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతోనే ఆ తరగతి సరుకు బండి నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పు ఇచ్చింది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలు, నరసన్నపేట, ఆమదాలవలస వ్యాపారులు, మీ చుట్టుపక్కల రైస్ మిల్లులు ఎప్పుడు, ఎక్కడికి, ఎంత సరుకు పంపుతారో రెండేళ్లలో మీకే తెలుస్తుంది. అప్పుడు ఒక మిల్లువారు నెలకు ఇన్ని ట్రిప్పులని కాగితం మీద రాసిస్తే, సగం సొంత సొమ్ము పెట్టగలిగితే, పెద్ద లారీ గురించి మళ్లీ ఉత్తరం రాయండి.

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. మా తమ్ముడు డ్రైవరు. తెలిసినవారి దగ్గర ఆరేళ్ల పాత లారీ ఉంది. దాని మీద ఇంకా పద్నాలుగు కిస్తీలు మిగిలాయి. మేము అయిదు లక్షలు ఇచ్చి, వంద రూపాయల కాగితం మీద అగ్రిమెంటు రాసుకొని, మిగతా కిస్తీలు మేము కట్టేలా, బండి కాగితాలు అప్పు తీరాక మార్చుకునేలా మాట్లాడుకున్నారు. పెట్టుబడి నాది, నడిపేది తమ్ముడు. ఇది మంచిదేనా?

జవాబు: అమ్మా, తమ్ముడే నడుపుతాడు కనుక పైన రాసిన చాలా బెడదలు మీకు లేవు. కానీ ఈ ఒప్పందం మాత్రం మంచిది కాదు. ఆర్‌సీలో పేరు వారిదే, బండి ఫైనాన్స్ కంపెనీకి తాకట్టులో ఉన్నది, మీ అగ్రిమెంటుతో ఆ కంపెనీకి సంబంధం లేదు. మీరు పన్నెండు కిస్తీలు వేళకు కట్టినా, పాత యజమాని వేరే అప్పు ఎగ్గొడితే గొడవ ఈ బండి మీదికి రావచ్చు. బండి కాలిపోయినా, పోయినా ఇన్సూరెన్సు క్లెయిము ఆర్‌సీలో పేరున్నవారి పేరునే నడుస్తుంది. మీ అయిదు లక్షలు వాళ్ల దయ మీద ఆధారపడతాయి. అమ్మేవారికీ ఇది ప్రమాదమే. ప్రమాదం జరిగితే పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ముందు యజమాని అంటే ఆర్‌సీలో పేరున్నవారేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ఈ మాట వారికి చెబితే వారే సరైన దారికి రావచ్చు.

ఆ దారి ఇది. మీ అయిదు లక్షలను ముగ్గురూ కలిసి ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లి అప్పు ఖాతాలోనే జమ చేయండి. మిగిలిన అప్పును మీ పేరుకు మార్చమని రాతపూర్వకంగా అడగండి, లేదా వేరే చోట మీ పేరున పాత బండి అప్పు తీసుకొని ఇది తీర్చండి. అప్పు తీరితే కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35తో తాకట్టు రద్దవుతుంది; ఫారం 29, 30తో బండి మీ పేరుకు మారుతుంది. బదిలీ అయిన పద్నాలుగు రోజుల్లోగా ఇన్సూరెన్సు పాలసీ కూడా మీ పేరున మార్చమని అర్జీ ఇవ్వాలి. చాలామంది మరచిపోయేది అదే.

కొనే ముందు చలానాలు, పన్ను, ఫిట్‌నెస్, పర్మిటు బాకీలు పరివాహన్‌లో చూసుకోండి. ఎనిమిదేళ్లలోపు బండికి ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి చాలు. ఆ తర్వాత ఏటా చేయించాలి. అంటే మీరు కొన్న రెండేళ్లకే ఆ ఖర్చు ఏటేటా మొదలవుతుంది. ఛాసిస్ మీద వెల్డింగు అతుకులు ఉన్నాయేమో తమ్ముణ్ని బండి కింద పడుకొని చూడమనండి. రంగు కొత్తగా వేసి ఉంటే ఆ చోటనే ఎక్కువ సేపు చూడమనండి. ఇక పెట్టుబడి మీదీ, కష్టం తమ్ముడిదీ కనుక అతనికి నెల జీతం ఎంతో ముందే రాసుకొని, అది పోగా మిగిలినదానిలోనే వాటాలు వేసుకోండి. తోడబుట్టినవాళ్లమని జీతం రాసుకోని ఇళ్లలో రెండో ఏడాదికే మాటలు ఆగిపోవడం నేను చూశాను.

ప్రశ్న: రాజాం నుంచి రాస్తున్నాను. నాకు ఒకే లారీ ఉంది. జనపనార లోడు దించుతుండగా క్లీనరు పైనుంచి పడి కాలు విరిగింది. డ్రైవింగులో జరిగిన ప్రమాదం కాదు కనుక నాకు బాధ్యత లేదని కొందరంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. పనిలో ఉండగా జరిగిన ప్రమాదానికి యజమాని నష్టపరిహారం ఇవ్వాలన్న బాధ్యత 1923 నాటి చట్టం నుంచి ఉన్నదే. బండి కదులుతున్నదా, ఆగి ఉన్నదా అన్నది అందులో ప్రశ్న కాదు. మీ పని మీద ఉన్నాడా లేదా అన్నదే ప్రశ్న. ఒక్క లారీ ఉన్నవారికీ అది వర్తిస్తుంది. మీ పాలసీ కాగితం తీసి, డ్రైవరు, క్లీనరు బాధ్యత కోసం మనిషికి యాభై రూపాయల చొప్పున అదనపు ప్రీమియం కట్టారేమో చూడండి. కట్టి ఉంటే ఇన్సూరెన్సు కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. కట్టకపోతే ఆసుపత్రి ఖర్చు, పరిహారం మీరే భరించాల్సి రావచ్చు. రెన్యువల్ నాడు ఆ యాభై రూపాయలు తప్పకుండా చేర్పించండి. క్లీనరు మీ దగ్గర పనిచేస్తున్నట్టు చూపే బత్తా పద్దు, ఆ రోజు ట్రిప్పు కాగితం, ఆసుపత్రి బిల్లుల అసలు ప్రతులు ఒకే చోట భద్రపరచండి. క్లెయిము తేలేదాకా ఆగకుండా ఇప్పటి మందుల ఖర్చు మీరు పెట్టుకోండి. రసీదులు మీ దగ్గర ఉంటే తర్వాత అడగవచ్చు.